ఇల్లు పలకడం లేదు

తాళంచెవి ఉంది. తాళమూ చెక్కుచెదరలేదు. తలుపెక్కడుందో మాత్రం ఉజ్వల్‌కు తెలియడం లేదు.

వేళాకోళానికి చెప్పడం కాదు, ఉన్నమాటే. అజీజ్‌నగర్‌లోని వాళ్లింట్లో మెట్ల కింద గూట్లో, చెప్పుల స్టాండు పైన, పుస్తకమంత నల్ల డబ్బా ఒకటి ఉంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. బయటి ఇంటర్నెట్‌కూ ఇంట్లోని ఫోన్లకూ టీవీకీ మధ్య కూర్చుని, వచ్చేదేదో పోయేదేదో కనిపెట్టి చూడటం దాని పని. దాని పాస్‌వర్డు ఉజ్వల్‌కు కంఠతా వచ్చు. అయితే పాస్‌వర్డు కొట్టాలంటే ముందు దాని పేజీ తెరవాలి, పేజీ తెరవాలంటే దాని అడ్రసు తెలియాలి. ఆ అడ్రసంటే మధ్యలో చుక్కలు పెట్టి రాసే నాలుగు సంఖ్యలు. ఆ అంకెలు పెట్టింది పూజ. పూజ ఇప్పుడు ఈ ఇంట్లో లేదు.

గురువారం సాయంత్రం వాన విరుచుకుపడింది. దగ్గర్లోనే ఎక్కడో పిడుగు పడి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. తెల్లారేసరికి కరెంటు వచ్చింది గానీ, ఫైర్‌వాల్ పక్కనే ఉండే, ఇంటి ఫోటోలన్నీ దాచే పెట్టె మళ్లీ లేవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వేసింది. ఇంట్లోని పరికరాలన్నిటికీ అడ్రసులు పంచే పని కూడా పూజ ఆ పెట్టెకే అప్పజెప్పింది. అది చచ్చిపోయేసరికి ఫోనుకూ లాప్‌టాప్‌కూ అడ్రసు ఇచ్చే దిక్కు లేకుండా పోయింది. ఫైర్‌వాల్ మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని నిక్షేపంగా బతికే ఉంది. దాన్ని ఏమని పిలవాలో తెలియక ఉజ్వల్ దాని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఆఫీసు పని ఫోన్ నెట్‌తో గడిచిపోయింది. గడవనిది సాయంత్రం పూట. అందుకే ఈ బెంగ.

ఉజ్వల్ వాళ్ల నాన్న తొంభైల్లో తెనాలి నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డాడు. పూజది చేవెళ్ల. ఆమె తండ్రి బుచ్చయ్య బంతి, గులాబీ వేస్తాడు. ఇద్దరూ గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో కలిశారు. ఆమె నెట్‌వర్కులు కట్టే మనిషి, అతను ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మనిషి. పెళ్లయ్యాక అటు చేవెళ్లకూ ఇటు ఆఫీసుకూ నడుమన ఉంటుందని ఇక్కడ ఇల్లు తీసుకున్నారు. చుట్టూ ఫామ్‌హౌసులు, పెళ్లిళ్లు చేసే రిసార్టులు. శని ఆదివారాలు ఎవరిదో ఒకరి బరాత్ డప్పు వినబడుతుంది, మిగతా రోజుల్లో వాచ్‌మన్లు పెంచుకునే కుక్కల అరుపులు.

చలికాలంలో బుచ్చయ్యకు మోకాలి ఆపరేషన్ అయితే తండ్రిని చూసుకోవడానికి పూజ చేవెళ్ల వెళ్లింది. ఆయనకు కుట్లు విప్పారు. కర్ర పట్టుకుని నడిచాడు, కొన్నాళ్లకు కర్ర వదిలేసి తోటలోకి పోయాడు. పూజ మాత్రం తిరిగి రాలేదు. ఎప్పుడొస్తావని ఇతను అడగలేదు, రానని ఆమె అనలేదు. పోట్లాడి వెళ్లినా బాగుండేది, పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒకటి తేల్చేవాళ్లు. ఏమీ జరగని దాని గురించి ఎవరితో చెప్పుకుంటాడు?

ఏమీ జరగలేదనేది ఉజ్వల్ లెక్క. పూజ లెక్క వేరే ఉంటుంది. అతను పొద్దస్తమానం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉండేవాడు. ఆమె ఏదైనా చెప్పబోతే ఒక చెవి మీది నుంచి కాస్త ఎత్తి, ఊఁ అని, మళ్లీ దించేసేవాడు. వినలేదని ఎవరూ అనలేరు, ఊఁ అన్నాడు కదా. ఒకసారి ఆమె పప్పు తిరగమోత పెడుతూ గోడతో చెప్పుకున్నా నయమని అంది. దానికీ అతను ఊఁ అన్నాడు. ఫోనులో ఆమె పంపిన ఆఖరి మెసేజీ బాపుకు కుట్లు విప్పిండ్రు అన్నది. దానికి ఇతని జవాబు ఒక బొటనవేలు బొమ్మ. ఆ తర్వాత ఇద్దరి మధ్య ఒక్క అక్షరం నడవలేదు.

నడిచినవి ఫోటోలు. ఇద్దరి ఫోన్లలోని ఫోటోలూ ఇంట్లోని పెట్టెలోకి చేరేలా పూజ ఎప్పుడో ఏర్పాటు చేసింది. పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా అందుబాటులో ఉండాలని చేవెళ్ల ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఇంటర్నెట్ లోపల ఒక చాటుదారి వేసింది. ఆ పని చేసేవాళ్లు దాన్ని సొరంగం అంటారు. ఆమె వెళ్లిపోయాక కూడా సొరంగం అలాగే ఉండిపోయింది. ఒక సాయంత్రం ఉజ్వల్ ఒంటరిగా అన్నం కంచం పట్టుకుని టీవీ పెడితే, పెట్టెలో కొత్తగా చేరిన ఫోటోగా తెర మీద బంతిపూల గంప ప్రత్యక్షమైంది. మర్నాడు బురదలో దిగబడిన ఒక చెప్పు. ఆ మర్నాడు చేవెళ్ల మార్కెట్లో టమాటా డబ్బాల మీద కునుకు తీస్తున్న పిల్లి. పూజ ముఖం ఎప్పుడూ ఉండేది కాదు. ఒకసారి మాత్రం మడి గట్టు మీద పొడవాటి నీడ పడింది. ఆ నీడ ఆమెదేననుకుని ఉజ్వల్ చాలాసేపు చూశాడు.

ఆమె ఫోను తనకు తానే పంపుతోందని, ఆపడం ఆమె మరిచిపోయిందని అతను అనుకున్నాడు. చూడటం తప్పని అతనికి తెలుసు. ఆ ఇంట్లో దేవుడి గూడు లేకపోయినా ఒక నియమం మాత్రం ఉండేది, ఒకరి ఫోను ఒకరు ముట్టకూడదని. ఇతరుల సమాచారాన్ని కాపాడి జీతం తీసుకునే మనుషులు కదా, ఆ విషయంలో ఇద్దరికీ మడి ఎక్కువ. అలాంటివాడు భార్య ఫోటోలను ఆమెకు తెలియకుండా చూస్తున్నాడు. రేపు చూడకూడదని రోజూ అనుకునేవాడు, రోజూ చూసేవాడు. అతనికి రోజు మొత్తం మీద ఎదురుచూడటానికి ఉన్నది అదొక్కటే.

శనివారం ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఎల్లేశ్ అనే కుర్రాడిని పంపారు. అతను వచ్చీ రాగానే డబ్బా తిరగేసి, వెనక సన్నటి రంధ్రం కనిపెట్టి, జేబులోంచి పిన్ను తీశాడు.

"గీ బొక్కల పిన్ను పెట్టి వత్తితె అంత సాఫ్ అయితది సార్. కొత్తదాని లెక్క లేస్తది" అన్నాడు.

ఉజ్వల్ అతని చెయ్యి పట్టుకుని ఆపేశాడు. డబ్బాను కొత్తదానిలా చేస్తే అడ్రసు కంపెనీ పెట్టినదే వచ్చేస్తుంది, పేజీ తెరుచుకుంటుంది, అది ఉజ్వల్‌కూ తెలుసు. దాంతోపాటు సొరంగం కూడా పోతుంది. దాని రహస్య సంకేతం సగం ఈ డబ్బాలో ఉంటే సగం చేవెళ్లలో ఉంది. మళ్లీ కలపాలంటే పూజను అడగాలి. అడిగితే ఎందుకని ఆమె అడుగుతుంది. ఇన్ని నెలలుగా నీ ఫోటోలు చూస్తున్నాను, అవి లేకపోతే తోచడం లేదు అని చెప్పాలి. ఎల్లేశ్‌కు ఇవేమీ చెప్పలేక అందులో ముఖ్యమైన సెట్టింగులు ఉన్నాయన్నాడు. అతను ఎగాదిగా చూసి, అయితే అడ్రసు పెట్టినోళ్లనే అడుగుండ్రి సార్ అని సలహా ఇచ్చి, బండెక్కి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉజ్వల్‌కు ఒక ఉపాయం తట్టింది. ఫైర్‌వాల్‌ను పిలవడం తనకు చేతకాదు సరే, అదే ఎవరినైనా పిలిస్తే విందామనుకున్నాడు. చేవెళ్ల నుంచి ఫోటోల పెట్టె కోసం సొరంగంలో ఏదైనా వచ్చిందనుకోండి, ఫైర్‌వాల్ ఇంట్లోకి కేకేస్తుంది, ఫలానా అడ్రసు ఎవరిది, నాకు చెప్పండి అని. జవాబు తనకు రావాలి కాబట్టి ఆ కేకలోనే తన అడ్రసు కూడా చెబుతుంది. తీగతో లాప్‌టాప్‌ను దానికి తగిలించి, నోరు మూసుకుని వింటే చాలు. వినడం మన ఉజ్వల్‌కు పెద్దగా అలవాటు లేని పని, అందుకే తట్టడానికి ఇన్ని రోజులు పట్టింది.

లాప్‌టాప్‌కు ఆ తీగ పట్టే సాకెట్ లేదు. మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. దానికోసం మొయినాబాద్ చౌరస్తాలో దుకాణం దుకాణం తిరిగాడు. ఒకాయన ఛార్జర్ ఇచ్చి ఇదే అన్నాడు, ఇంకొకాయన సిటీకి పొమ్మన్నాడు. చిలుకూరు దర్శనానికి వచ్చిన బండ్లతో రోడ్డంతా కిక్కిరిసి ఉంది. కుటుంబాలకు కుటుంబాలు కార్లలోంచి దిగి మొక్కజొన్న కంకులు కాల్పించుకుంటున్నాయి. చివరికి జిరాక్స్ షాపు సక్కుబాయి తన పాత కంప్యూటర్ సామాన్ల బుట్టలో వెతికి ఒకటి తీసి ఇచ్చింది. ఇంట్లో అమ్మాయి గారు బాగున్నదా, కనబడ్తలేదు అని అడిగింది. బాగుందని చెప్పి వచ్చేశాడు. కారెక్కాక గానీ బాగుందో లేదో తనకు తెలియదని గుర్తు రాలేదు.

స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, తీగ తగిలించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తీగ మీద ఏం నడిచినా తెర మీద వరసగా చూపించే ప్రోగ్రాము నడుస్తోంది. చాలాసేపు ఏమీ రాలేదు. బయట సన్నగా తుంపర మొదలైంది. ఉన్నట్టుండి తెర మీద మూడు వరసలు పడ్డాయి, మూడూ ఒకటే.

10.143.7.20 ఎవరు? 10.143.7.1కు చెప్పండి.

దొరికింది. చివర్లో ఒకటి ఉన్నది ఫైర్‌వాల్, ఇరవై ఉన్నది కాలిపోయిన ఫోటోల పెట్టె. ఉజ్వల్ ఆ అంకెలు కాగితం మీద రాసుకోబోయి ఆగిపోయాడు. నూట నలభై మూడు బై ఏడు. బుచ్చయ్య గులాబీ తోట సర్వే నంబరు అది. పాసుపుస్తకం పని మీద మామగారిని తాసిల్ ఆఫీసుకు తీసుకెళ్లినప్పుడు ఆ నంబరు పదిసార్లు విన్నాడు. ఇంటి నెట్‌కు మా చెల్క నంబరు పెట్టిన అని పూజ చెప్పడం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు తనేమన్నాడో వేరే చెప్పాలా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కాసేపటికి మళ్లీ మూడు వరసలు పడ్డాయి. ఇంకొంచెంసేపటికి మళ్లీ. ఈసారి వెంటవెంటనే రెండు దఫాలు వచ్చి, తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. తప్పులు పట్టే వృత్తి కాబట్టి అతనికి ఇది కాస్త తేడాగా తోచింది. యంత్రం మళ్లీ ప్రయత్నించేది ఒక లెక్క ప్రకారం ఉంటుంది. ఇది లెక్కా డొక్కా లేకుండా ఉంది. చేవెళ్లలో కరెంటు వచ్చీ పోయీ ఇలా అవుతోందేమోనని సమాధానం చెప్పుకున్నాడు.

ఇక చేయాల్సింది సులువే. తన లాప్‌టాప్‌కు కూడా ఒక అడ్రసు ఉండాలి కాబట్టి ఆ చచ్చిపోయిన పెట్టె అడ్రసే పెట్టాడు. ఈసారి ఫైర్‌వాల్ ఇరవై ఎవరని కేకేయగానే కింద ఇంకో వరస పడింది, అది నేనే అని. ఆ జవాబు చెప్పింది తన లాప్‌టాప్. ఫైర్‌వాల్ పేజీ తెరుచుకుంది, పాస్‌వర్డు కొట్టాడు, లోపలికి పోయాడు. సెట్టింగులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. చేవెళ్ల అని రాసి ఉన్న వరస పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. సొరంగం బతికే ఉంది. కొత్త పెట్టె కొని అదే అడ్రసు పెడితే చాలు, సాయంత్రాలు మళ్లీ వచ్చేస్తాయి.

సంతోషం పట్టలేక వంటగది వైపు తిరిగాడు, దొరికింది అని చెప్పడానికి. వంటగదిలో పొద్దుటి టీ గిన్నె ఉంది. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో అతనికి ఆ క్షణంలో తెలిసినంతగా ఈ నెలల్లో ఎప్పుడూ తెలియలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. పూజ.

"ఇంట్ల ఏమైంది ఉజ్వల్?" అని అడిగింది. గొంతులో కంగారు దాచుకోలేదు.

పిడుగు పడిందనీ, కాస్త పాడైతే బాగు చేస్తున్నాననీ, తను బాగానే ఉన్నాననీ చెప్పాడు. ఆమె ఊపిరి వదలడం వినిపించింది.

"నాలుగు దినాల సంది ఇల్లు పలుకుతలేదు. ఇందాకట్నుంచి ఫోటో పంపుదమని వత్తుతనే ఉన్న. ఇప్పుడే జర పలికినట్టయింది, అందుకే చేసిన."

తర్వాత ఆమే చిన్న గొంతుతో అడిగింది.

"ఫోటోలు చూసినవా?"

పట్టుబడ్డానని ఉజ్వల్ అనుకున్నాడు. ఇన్ని నెలల దొంగతనం బయటపడిందనీ, ఆమె దృష్టిలో ఇక తన బతుకింతేననీ అనిపించింది. ఆమె తన గురించి మంచిగా అనుకోవడానికి మిగిలింది ఆ ఒక్క నియమమే, దాన్నయినా నిలబెట్టుకోవాలి. అలవాటైన మర్యాద నోట్లోంచి వచ్చేసింది.

"లేదు పూజా. నీ ఫోటోలు నేనెందుకు చూస్తాను? ఒక్కటి కూడా ముట్టలేదు."

అవతల దూరంగా ఎక్కడో మోటారు ఆడుతోంది.

"ఒక్కటి గుడనా?"

"ఒక్కటి కూడా. ఒట్టు."

"పాత ఫోన్ ఎండకాలంలనే పలిగింది" అంది పూజ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కొత్తదాంట్ల ఇదంత మల్ల నేనే పెట్టుకున్న. దినాం తోటంత తిరిగి ఒక్కటి ఏరి పంపేదాన్ని. అందిందని ఇల్లు టిక్కు పెడ్తుండె. నువ్వు చూస్తున్నవనుకున్న. సరే తియ్, నువ్వు మంచిగున్నవ్ గద, చాలు."

ఫోన్ పెట్టేసింది.

ఉజ్వల్ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. అందరి ఫోన్లలోనూ ఉండే చెత్త, బిల్లుల ఫోటోలు, ఆఫీసు కాగితాలు, పొరపాటున తీసిన చేతివేళ్లు, ఒక్కటంటే ఒక్కటి ఆ పెట్టెలోకి ఎప్పుడూ రాలేదు. రోజుకు ఒక్కటే వచ్చేది, అదీ చూడదగ్గదే వచ్చేది. ప్రపంచంలోని తప్పులన్నీ పట్టేవాడికి ఇది కనబడలేదు. ఆమె తనను మరిచిపోయిందని అతను అనుకున్న ఆ నెలలన్నీ ఆమె అతనితో మాట్లాడుతూనే ఉంది. ఇతను వింటూ కూడా పలకలేదు. ఇప్పుడు తీరా ఆమె నోరు తెరిచి అడిగితే అసలు విననే లేదని ఒట్టేశాడు.

వెంటనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. లాప్‌టాప్ తెర మీద కొత్త వరసలు పడటం లేదు. చూస్తుండగానే ఫైర్‌వాల్ పేజీలో చేవెళ్ల పక్కనున్న పచ్చ చుక్క బూడిదరంగుకు మారింది. తెగిపోవడం కాదది, తెగితే ఎర్రబడేది. ఆమె అటువైపు నుంచి మర్యాదగా మూసేసింది.

మూడోసారి ఫోన్ ఎవరో ఎత్తారు. బుచ్చయ్య.

"అల్లుడా, పూజ ఫోన్ మంచం మీద వడేసి తోటలకు వోయింది. ఏమన్న చెప్పాల్నా?"

"అన్నీ చూశానని చెప్పండి మామయ్యా" అన్నాడు ఉజ్వల్. "రోజూ చూశానని చెప్పండి. ఇందాక అబద్ధం చెప్పాను."

బుచ్చయ్యకు ఏమీ అర్థమై ఉండదు. అయినా ఏం చూశావని అడగలేదు.

"చెప్త. గంతేనా?"

అంతే అనబోయాడు. ఆ మాట ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది అతనికి. మింగేశాడు.

"కాదు మామయ్యా. చాలా ఉంది. ఫోన్ పెట్టేయకండి, అక్కడే ఉంచండి. పూజ వచ్చేదాకా నేను లైనులోనే ఉంటాను."

"యాల్లయితదయ్యా, పూలు తెంప వోయింది."

"పర్వాలేదు."

బుచ్చయ్య ఫోన్‌ను మంచం మీద పెట్టిన చప్పుడైంది, ఆయన అడుగులు దూరమయ్యాయి. కోడి ఒకటి మంచం కిందుగా గొణుక్కుంటూ పోయింది. తలుపు గాలికి కొట్టుకుంది. అవతల మనిషి అలికిడి ఏమీ లేదు. ఉజ్వల్ మెట్ల కింద నేల మీద కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, ఆ ఖాళీ ఇంటిని వింటూ ఉన్నాడు.